డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారును జంతు పరీక్షలును

ఈ సంచికకు ఎవరి చరిత్రము వ్రాయుదమా యని మేమాలోచించుచుండగా తొమ్మిదవ తరగతి బాలు డొకడు మమ్ము నొక ప్రశ్న అడిగెను. క్రొత్త మందు పుట్టినప్పుడు అది రోగమును కుదుర్చునో లేదో చూచుట సరే, అది దేహకణములలోని డి.ఎన్.ఏ.ను చెఱచునో చెఱుపదో ముందుగా నెట్లు తెలియునని వాని సందేహము. చుంచెలుకలమీద పరీక్షింతురని మేము చెప్పితిమి. చుంచెలుక చెప్పిన సాక్ష్యము నిజమని యెట్లు నమ్మవలెనని వాడు మరల నడిగెను. ఎర్రవల్లి పిల్లలు తేలికగా విడుచువారు కారు. ఆ దినమున మేము చెప్పిన జవాబు మాకే తృప్తి కలిగింపలేదు. ఇంటికి పోయి పుస్తకములు తిరుగవేయగా, ఇంచుమించు అట్టి ప్రశ్నతోనే జీవితమంతయు పెనగులాడిన తెలుగువా రొకరు మాకు కనబడిరి. వారే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారి పేరు మన తల్లిదండ్రులలో పెక్కుమంది యెఱుగుదురు. వారి పరీక్షల కథ ఎఱిగినవారు తక్కువ.

మొదట ఆ చుంచెలుక సంగతి చెప్పి పిదప వారి చరిత్రమునకు వత్తుము. మన దేహకణములయందు కేంద్రకము కలదనియు, దానిలో డి.ఎన్.ఏ. యను పొడవైన పోగు చుట్టబడి యుండుననియు విద్యార్థు లెఱుగుదురు. ఎఱ్ఱకణము మాత్రము విచిత్రమైనది. అది ఎముకలలోని మూలుగయందు పుట్టి, ఎదిగి, రక్తములోనికి బయలుదేరుటకు ముందు తన కేంద్రకమును వెలికి నెట్టివేయును. ఏదైన మందుచేత గాని కిరణములచేత గాని డి.ఎన్.ఏ. పోగు తెగియుండినచో, తెగిన తునుక కేంద్రకముతోకూడ బయటికి పోజాలక కణములోనే చిక్కుకొని చిన్న చుక్కవలె నిలిచియుండును. రంగు వేసి సూక్ష్మదర్శినితో చూచిన ఆ చుక్క కంటికి తెలియును. దీనిని మైక్రోన్యూక్లియస్ అందురు. చిన్న కేంద్రకమని యర్థము. ఇట్టి చుక్కలను వైద్యులు 20వ శతాబ్దారంభమునకే రోగుల రక్తములో చూచి హోవెల్-జాలీ కణికలని పిలుచుచుండిరి. 1970 తరువాత హెడిల్, ష్మిడ్ మొదలగు శాస్త్రజ్ఞులు ఆ చుక్కలను లెక్కించుటనే యొక పరీక్షగా మలచిరి. మందు పుచ్చుకొన్న చుంచెలుక మూలుగలో చుక్కగల లేత ఎఱ్ఱకణములు, మందు పుచ్చుకొనని దానికంటె హెచ్చుగా నున్నచో ఆ మందును శంకింపవలెను.

లేత ఎఱ్ఱకణములను ఈ మాటను చదువరులు గుర్తుంచుకొనవలెను. 1930 తరువాతి యేండ్లలో బోస్టను నగరమున సుబ్బారావుగారును వారి సహచరులును గినీపందుల రక్తములో లెక్కించుచుండినవియు లేతకణములే. వారు వెదకినది వేఱు, డి.ఎన్.ఏ. చేయు పని యేమో అప్పటికి లోకమునకు తెలియదు. అయినను జంతువును ప్రశ్న అడుగుట యెట్లు, అది యిచ్చిన జవాబును నమ్ముట యెట్లు అను చిక్కు మాత్ర మొక్కటియే.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమునందు జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో చిన్న యుద్యోగి. అనారోగ్యమువలన ముందుగానే ఉద్యోగము విడువవలసివచ్చెను. తల్లి వెంకమ్మగారు. ఇల్లు పెద్దది, రాబడి చిన్నది. బాలుడు పదమూడేండ్ల ప్రాయమున, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి బయలుదేరగా, వెదకి పట్టి వెనుకకు తీసికొనివచ్చిరి. మెట్రిక్యులేషను పరీక్ష మూడవ పర్యాయమున గాని గట్టెక్కలేదు. ఈ సంగతి మా పదవ తరగతివారిలో కొందఱకు మిక్కిలి నచ్చునని మాకు తెలియును. వారు మూడవ పర్యాయమును అనుకరించిన చాలును, మొదటి రెండింటిని విడువవచ్చును.

పిదప వారు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి వైద్య కళాశాలలో చేరిరి. చదువుటకు ధనసహాయము చేసినవారు వారి మామగారు. ఆ గృహమందలి శేషగిరిగారిని సుబ్బారావుగారు వివాహమాడిరి. గాంధీగారి పిలుపు విని వారు ఖద్దరు అంగీ తొడిగి శస్త్రచికిత్స తరగతికి పోగా అందలి ఆంగ్లేయ ఆచార్యునకు ఆగ్రహము కలిగెను. చదువు బాగుగనే సాగినను కడపట వారికి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టము మాత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో చోటు దొరకలేదు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు కాలము గడపిరి.

మద్రాసునందున్న యా సంవత్సరములలోనే వారి కుటుంబమునకు తీరని విపత్తు సంభవించెను. అన్నగారును తమ్ముడును స్ప్రూ అను వ్యాధిచేత కొలది దినముల యెడముతో చనిపోయిరి. ఇది మనవారు సంగ్రహణి యని చెప్పు జాతిలోనిది. ప్రేవులు తిన్నదానిలోని సారమును పీల్చుకొనలేవు, విరేచనములు ఆగవు, నాలుక పుండ్లు పడును, రక్తము పలుచనై మనిషి చిక్కి శల్యమగును. అప్పటి వైద్యులు దీనికి మందెఱుగరు. కొంతకాలమునకు సుబ్బారావుగారికే ఆ రోగము తగిలెను. ఆయుర్వేదమునందును పాశ్చాత్య వైద్యమునందును ప్రవీణులైన డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచేత వారు బ్రతికి బయటపడిరి. ఒక యింటిలో ఇద్దఱను చంపి మూడవవానిని విడిచిపెట్టిన ఆ రోగము వారి మనస్సును ఎన్నడును విడువలేదని మేము నమ్ముచున్నాము. ఏలయన వారి తరువాతి పనియంతయు తెలిసియో తెలియకయో దానివైపునకే తిరిగినట్లు కనబడును.

ఉష్ణదేశముల రోగములను నేర్చుకొనుటకై వారు 1920 తరువాత కొలది యేండ్లకే అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోయిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారును మామగారును ధనము సమకూర్చిరి. భార్యను పుట్టింట విడిచి పోయిరి. వారు పోయిన పిమ్మట కుమారుడు కలిగి, ఏడాది నిండకమునుపే మరణించెను. సుబ్బారావుగారు మరల స్వదేశమునకు రాలేదు. శేషగిరిగారు జీవితాంతము ఎదురుచూచుటయే జరిగెను. గొప్పవారి చరిత్రలు వ్రాయువారు ఇట్టి సంగతిని ఒక వాక్యములో దాటిపోవుదురు. మేమును అదియే చేయుచున్నాము గాని సంతోషముతో కాదు.

బోస్టనులో వారు ఆస్పత్రియందు రాత్రివేళ సేవకుని పని చేసి పొట్ట పోసికొనుచు చదివిరి. పిదప సైరస్ ఫిస్కే అను ఆచార్యుని ప్రయోగశాలలో చేరిరి. అక్కడ వారికి అప్పగింపబడిన పని రక్తమునందును మూత్రమునందును గల భాస్వరము కొలుచుటకు నమ్మదగిన పద్ధతి కనిపెట్టుట. 1925లో ఆ పద్ధతి ప్రకటింపబడెను. భాస్వరముగల ద్రవములో కొన్ని రసాయనములు కలిపిన నీలివర్ణము పుట్టును. నీలి యెంత గాఢమో భాస్వరమంత. ఫిస్కే-సుబ్బారావు పద్ధతియని నేటికిని జీవరసాయన విద్యార్థులు దీనిని నేర్చుకొనుచున్నారు.

ఈ పద్ధతి రక్తమునకు చక్కగా పనిచేసెను గాని కండరముల రసమునకు పెట్టగా పెడదారి పట్టెను. నీలివర్ణము రావలసిన వేళకు రాదు, ఆలస్యముగా మెల్లగా వచ్చును. మఱొకరైనచో కండరము శుభ్రముగా లేదని సీసా పారబోసి యుందురు. వారిద్దఱు పారబోయలేదు. ఆలస్యమున కేదియో కారణముండవలెనని వెదకి, కండరములో సులభముగా విడిపోవు ఫాస్ఫోక్రియేటిన్ అను పదార్థము కలదని 1927లో ప్రకటించిరి. 1929లో ఏ.టి.పి.ని వేఱుచేసిరి, జర్మనీలో లోమన్ గారును అదే కాలమున దానిని కనుగొనిరి. కండరముల శక్తినిగూర్చి అంతవఱకు నోబెల్ బహుమానము పొందిన సిద్ధాంతమే ఇందువలన దిద్దుకొనవలసివచ్చెను.

ఇక మనకు ముఖ్యమైన ఘట్టము. ఆ దినములలో పెర్నిషస్ అనీమియా యను పాండురోగము సోకినవారు చావవలసినదే. 1926లో బోస్టను వైద్యులు మైనాట్, మర్ఫీ యనువారు రోగులకు దినమునకు అరపౌను చొప్పున కార్జము తినిపించి వారిని బ్రతికించిరి. కార్జము తిన్న వారము దినములలో రోగి రక్తమున లేత ఎఱ్ఱకణములు గుంపులుగా పుట్టుకొనివచ్చును. రోగము తిరుగుచున్నదనుటకు అదియే గుర్తు. కార్జములో రోగమును కుదుర్చు పదార్థ మేదో దానిని వేఱుచేయుట సుబ్బారావుగారు పూనుకొనిన పని. కార్జమును పిండి, వడగట్టి, పాలుపాలుగా విడదీయవచ్చును. ఏ పాలులో మందు ఉన్నదో తెలియుటెట్లు? ఈ రోగము మనుష్యునకే గాని ఏ జంతువునకును రాదు. కావున ప్రతి పాలును చికిత్స పొందని క్రొత్త రోగిమీద ప్రయోగించి చూడవలెను. రోగి దొరకువఱకు సీసాలు బల్లమీద వేచియుండవలెను. రోగికి పనిచేయని పాలు ఇచ్చినచో వారములు వృథా యగును. ఆ వారములు వాని ప్రాణమునుండి పోవునవియే. నమ్మదగిన జంతు పరీక్ష లేకపోవుటవలన కలుగు బాధ యెట్టిదో దీనివలన తెలియును.

జంతువులమీద చూడలేదా యని అడుగవచ్చును. చూచిరి. విపుల్ అను శాస్త్రజ్ఞుడు కుక్కలనుండి రక్తము తీసి, వానిని పాండువర్ణము చేసి, తరువాత నానావిధములైన ఆహారములు పెట్టి చూచెను. కార్జము తిన్న కుక్కలు త్వరగా తేఱుకొనెను. ఈ వార్త వినియే బోస్టను వైద్యులు రోగులకు కార్జము పెట్టిరి, రోగులు బ్రతికిరి, 1934లో ముగ్గుఱకును కలిపి నోబెల్ బహుమానము వచ్చెను. కాని తరువాత తేలిన సంగతి వినుడు. రక్తము పోయిన కుక్కకు కార్జమందలి ఇనుము ఉపకరించెను. రోగిని కుదిర్చినది ఇనుము కానేకాదు, వేఱొక పదార్థము. కుక్క చెప్పిన జవాబు సరియైనదే గాని కారణము తప్పు! ఆ కుక్కలను నమ్ముకొని కార్జమును విడదీయుచు పోయినవాడు ఇనుమువద్దకు చేరునే గాని మందువద్దకు చేరడు.

మాకును ఇట్టి యనుభవ మొకటి కలదు. కొన్ని యేండ్ల క్రిందట పాఠశాల తోటలో రెండు మళ్లు చేసి టమాట నారు నాటించితిమి. ఒక మడికి మేకల యెరువు వేయించి రెండవదానికి వేయింపలేదు. ఎరువు వేసిన మడి విరగ గాచెను. మేము ఉత్సాహముతో నల్లబల్లమీద లెక్కలు వ్రాసి యెరువు మహిమను బోధించితిమి. అయిదవ దినమున తోటమాలి వచ్చి, చేతిపంపు చుట్టు ఒలికిన నీరంతయు ఆ మడిలోనికే పారుచున్నదని చూపెను. ఎరువు మంచిదే కావచ్చును. మా మడి మాత్రము దానికి సాక్ష్యము చెప్పలేదు.

సుబ్బారావుగారు ఈ చిక్కును విడదీయుటకు జేకబ్‌సన్ అను వైద్యునితో కలసి గినీపందులను చేపట్టిరి. కార్జపు పాలును గినీపందికి ఇచ్చి, దాని రక్తములో లేత ఎఱ్ఱకణము లెన్ని పెరిగెనో లెక్కించుట వారి పద్ధతి. రోగికై వేచియుండ నక్కఱలేదు. జంతువులు ఎన్నియైనను దొరకును. 1936, 1937 సంవత్సరములలో వారి వ్యాసములు వెలువడెను. కాని గినీపంది ఒక్క పదార్థమునకే గాక కార్జములోని వేఱువేఱు పదార్థములకు బదులు పలుకుచుండెను. ఆరోగ్యముగానున్న జంతువు రోగియొక్క లోటును ఎఱుగదు గదా. కడపటి తీర్పు రోగివద్దనే యుండిపోయెను.

అదే కార్జమునుండి తీసిన పాలులను వారు నల్లనాలుక రోగముగల కుక్కలమీదను పరీక్షించిరి. ఇది మనుష్యులకు వచ్చు పెలాగ్రా రోగమునకు జోడు. ఈ రెండింటిని కుదుర్చునది నికోటినిక్ ఆమ్లమని ఎల్వెజెమ్ గారు 1937లో తేల్చిరి. ఇక్కడ కుక్క నిజము చెప్పెను, ఏలయన దాని రోగమును మనుష్యుని రోగమును ఒక్కటియే. జొన్నరొట్టె తిను మన తెలంగాణపువారికి పెలాగ్రా క్రొత్త కాదు. 1958లో హైదరాబాదునకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థలో గోపాలన్ గారును వారి సహచరులును ఈ రోగమును పరిశోధించినపుడు వారికిని నల్లనాలుక కుక్కయే సాక్షి యయ్యెను.

హార్వర్డు విశ్వవిద్యాలయము సుబ్బారావుగారికి స్థిరమైన పదవి యీయలేదు. 1940లో వారు న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ ప్రయోగశాలలకు చేరి, కొలదికాలములోనే పరిశోధనశాఖకు అధిపతులైరి. అక్కడ వారి తలంపు ఫోలిక్ ఆమ్లముమీదికి మఱలెను. ఈ కథకు మొదలు మన దేశమే. 1930 ప్రాంతమున లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలో మిల్లు కూలీల యిండ్లలోని గర్భిణీస్త్రీల పాండురోగమును పరిశీలించి, కోతులమీదను పరీక్షించి, ఈస్టు తినిపించిన ఆ రోగము కుదురునని 1931లో తెలిపిరి. ఈస్టులోని ఆ పదార్థము పేరు అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలోని టెక్సాసులో టన్నులకొలది పాలకూరనుండి అట్టి పదార్థమును తీసినవారు, ఆకునుండి వచ్చినందున ఫోలిక్ అని పేరు పెట్టిరి. తోటకూర, పుంటికూర తినుడని మేము చెప్పునపుడు ముఖము చిట్లించు పిల్లలు ఈ వాక్యమును రెండుమార్లు చదువవలెను.

లెడర్లీలో ఇద్దఱు సాక్షులను నిలిపిరి. ఒకటి లాక్టోబాసిల్లస్ కేసియై యను సూక్ష్మజీవి. గొట్టములో ఫోలిక్ ఆమ్లమున్ననే అది పెరుగును. రెండవది కోడిపిల్ల, ఆ పదార్థము లేని శుద్ధాహారము పెట్టిన దానికి ఈకలు సరిగా రావు, ఎదుగుదల నిలుచును, రక్తము తగ్గును. ఏ పాలు వేసిన ఈ రెండును పెరుగునో అందు మందు కలదు. అయితే ఈస్టునుండి తీసిన కొన్ని పాలులు కోడిపిల్లకు పనిచేసి సూక్ష్మజీవికి పనిచేయలేదు. సాక్షులిద్దఱు తగవు పడిరి. ఎవరబద్ధమాడిరని చూడగా ఇద్దఱును నిజమే చెప్పుచుండిరి! ఈస్టులో ఫోలిక్ ఆమ్లము మఱికొన్ని గ్లుటామిక్ ఆమ్లపు కణికలతో గొలుసుగా ముడిపడియుండును. కోడిపిల్ల దేహములో ఆ గొలుసును త్రెంచు ఎంజైము కలదు, సూక్ష్మజీవికి అది లేదు. ఒక్క సాక్షినే నమ్మియుండిన ఈ సంగతి బయటపడెడిది కాదు.

1945లో సుబ్బారావుగారి బృందము ఫోలిక్ ఆమ్లమును రసాయనశాలలో తయారుచేసెను. టామ్ స్పీస్ మొదలగు వైద్యులు దానిని రోగులకిచ్చి చూచిరి. క్యూబాలోను పోర్టోరికోలోను స్ప్రూ రోగులు, ఏమియు ఒంటబట్టక చిక్కి శల్యమైనవారు, కొలది దినములలో నాలుక పుండ్లు మాని ఆకలిగొని లేచి కూర్చుండిరి. అన్నదమ్ములను చంపిన రోగమునకు మందు ఇరువదియేండ్లు దాటిన పిమ్మట ఈ విధముగా దొరకెను. 1948లో అదే ప్రయోగశాలలో డగ్గర్ గారు ఆరియోమైసిన్‌ను కనుగొనిరి. అది టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొట్టమొదటిది. ఉష్ణదేశపు స్ప్రూకు వైద్యులు వ్రాయు మందులు నేటికిని ఫోలిక్ ఆమ్లమును టెట్రాసైక్లినును.

అయితే పెర్నిషస్ అనీమియాకు ఇది పూర్తి మందు కాలేదు. రోగి రక్తము బాగుపడెను, లేతకణములు పుట్టెను, అందఱును సంతోషించిరి; కాని నరముల జబ్బు లోలోపల ముదిరిపోవుచుండెను. కార్జములోని అసలు మందు బి12 విటమినని 1948లో తేలెను. రక్తమును మాత్రమే చూచు పరీక్షకు నరములు కనబడవు. మేమీ సంగతిని వ్రాయుచు చాలసేపు కలము నిలిపితిమి.

బోదకాలును గూర్చి రెండు మాటలు. ఆ రోగపు పురుగునకు జోడైన యొక పురుగు పత్తియెలుకలలో స్వభావసిద్ధముగా నుండును. లెడర్లీవారు వందలకొలది పదార్థములను ఆ యెలుకలమీద పరీక్షించి 1947లో హెట్రజాన్‌ను కనుగొనిరి. మన జిల్లాలలో బోదకాలు నివారణకై ఇంటింటికి పంచిన డి.ఇ.సి. మాత్రలు అవియే.

ఫోలిక్ ఆమ్లముననుసరించి మఱొక మందు పుట్టెను. సిడ్నీ ఫార్బర్ అను బోస్టను వైద్యుడు ల్యుకేమియా గల పిల్లలకు ఫోలిక్ ఆమ్లపు జాతి పదార్థములిచ్చి చూడగా రోగము విజృంభించినట్లు వానికి తోచెను. అట్లయిన ఫోలిక్ ఆమ్లమునకు అడ్డుపడు పదార్థము రోగమును అణచవచ్చును గదా. సుబ్బారావుగారి రసాయనజ్ఞులు ఫోలిక్ ఆమ్లములో ఒక్కచోట ఒక్క చిన్న గుంపును మార్చి అమినోప్టెరిన్‌ను తయారుచేసిరి. కణమును మోసగించు దొంగతాళపుచెవి యిది. ఫార్బర్ 1948 జూనులో ప్రకటించిన వ్యాసము ప్రకారము 16 మంది పిల్లలలో 10 మందికి రోగము కొంతకాలము తగ్గెను. అంతకుముందు ఆ రోగము ఒక్కనికైనను మందుచేత తగ్గి యుండలేదు. దీని తమ్ముడు మెథోట్రెక్సేట్. 1956లో లీ, హెర్ట్జ్ అను వైద్యులు దానితో స్త్రీలకు వచ్చు ఒక జాతి క్యాన్సరును కుదిర్చిరి. కీళ్లవాతమునకు నేడు మన యూళ్లలోను వైద్యులు దీనిని వారమునకొక పర్యాయము తినుడని వ్రాయుచున్నారు.

ఆ వ్యాసము వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు రాత్రి నిద్రించి ఉదయము లేవలేదు. వయస్సు 53 ఏండ్లు. 1995లో భారత ప్రభుత్వము వారి బొమ్మతో తపాలా బిళ్ల ప్రకటించెను.

డి.ఎన్.ఏ. సంగతి ఇచ్చట కలియును. డి.ఎన్.ఏ. పోగులోని నాలుగక్షరములలో థైమిన్ అనునది తయారగుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. అది చాలనపుడు కణము ఆ యక్షరమునకు బదులు యురాసిల్ అను తప్పక్షరమును చేర్చును. పిదప ఆ తప్పును కోసి దిద్దబోవును. దగ్గఱదగ్గఱగా రెండువైపుల కోతపడిన పోగు తెగును. ఈ సంగతిని బ్లౌంట్, ఏమ్స్ మొదలగువారు 1997లో మనుష్యుల రక్తముతోనే నిరూపించిరి. మెథోట్రెక్సేట్ అదే లోటును మందుచేత కలిగించును. కావుననే గర్భిణీస్త్రీలకు దానిని ఈయరాదు. చుంచెలుకకు ఇచ్చిన దాని మూలుగలోని లేత ఎఱ్ఱకణములలో చుక్కలు హెచ్చును. అయితే ఆ ఏమ్స్ గారి పేరనే ప్రసిద్ధమైన సూక్ష్మజీవుల పరీక్షలో ఈ మందు నిర్దోషిగా బయటపడును. ఏలయన సూక్ష్మజీవి తనకు కావలసిన ఫోలిక్ ఆమ్లమును తానే చేసికొనును, ఈ మందును లోనికి రానీయదు. కోడిపిల్లకును సూక్ష్మజీవికిని కలిగిన తగవువంటిదే మరల కలిగెను. అందుచేతనే నేడు ఏ క్రొత్త మందునైనను గొట్టములోని కణములమీదను జీవించియున్న జంతువుమీదను రెండువిధముల పరీక్షింతురు.

ఇప్పుడు మా బాలుని ప్రశ్నకు జవాబు చెప్పవచ్చును. చుంచెలుక పరీక్షకు దేశములన్నియు ఒప్పుకొను నిబంధనలు 1983లో మొదట వెలువడి, పలుమార్లు సవరింపబడెను. ఒక్కొక్క గుంపులో అయిదింటికి తక్కువ గాకుండ జంతువులుండవలెను. మందు మూడు మోతాదులలో ఈయవలెను. మోతాదు పెరిగినకొలది చుక్కలును పెరుగుచున్నవా యని చూడవలెను. మందు లేని గుంపు ఒకటి ఉండవలెను, డి.ఎన్.ఏ.ను తప్పక చెఱచునని ముందే తెలిసిన విషము పుచ్చుకొన్న గుంపును ఉండవలెను. ఆ విషమే చుక్కలు చూపనిచో ఆ దినపు పరీక్షయంతయు చెల్లదు. గాజుపలకలమీద ఏ యెలుకదో తెలియకుండ రహస్యపు గుర్తులు వేయవలెను, లెక్కించువాడు తాను కోరినది చూడకుండుటకై. 2014లో సవరించిన నియమము ప్రకారము ఒక్కొక్క జంతువునుండి 4000 లేతకణములు లెక్కింపవలెను. చుక్కలు లేవని చెప్పుటకు ముందు మందు మూలుగవఱకు చేరినదని ఋజువు చూపవలెను; చేరని మందు నిర్దోషి కాదు, విచారణకే రాలేదు. పెద్దయెలుక రక్తములోని చుక్కకణములను దాని ప్లీహము ఏరి పాఱవేయును, చుంచెలుక ప్లీహము అట్లు చేయదు. కావున ఒకదాని రక్తమును చూచినట్లు రెండవదాని రక్తమును చూడరాదు.

అన్నిటికంటె మాకు వింతగా తోచినది కడపటిది. డి.ఎన్.ఏ.కు ఏ హానియు చేయని మందైనను రక్తమును పోగొట్టి, లేతకణములను తొందరపెట్టి పుట్టించినచో చుక్కలు హెచ్చవచ్చును. విపుల్ కుక్కలవలెనే రక్తము పోయిన చుంచెలుకయు తప్పుదారి చూపును.

ఈ వ్యాసము వ్రాయుట ముగించి ఆ బాలునికి చదివి వినిపించితిమి. వాడు శ్రద్ధగా విని, ఎలుకకు మిక్కిలి చలివేసిననో జ్వరము వచ్చిననో చుక్కలు హెచ్చవా యని అడిగెను. మరల పుస్తకములు తిరుగవేసితిమి. హెచ్చును. మందు పుచ్చుకొన్న జంతువు ఒంటివేడి బాగుగా పడిపోయినను పెరిగినను లెక్క మారునని తెలిసి, పరీక్షించువారు ఇప్పుడు చుంచెలుక ఒంటివేడిని గూడ కొలిచి వ్రాసికొనుచున్నారు.